చిన్న కంప్యూటర్ బోర్డులో ఉష్ణోగ్రత షట్‌డౌన్ పరిమితిని అమర్చుకోవడం

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు సింగిల్ బోర్డు కంప్యూటర్‌లో చిప్ ఉష్ణోగ్రతను చదవగలుగుతారు. వేడికి వేగం తగ్గించుకోవడానికీ, పూర్తిగా ఆగిపోవడానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు. మీ బోర్డు ఉండే చోటును బట్టి షట్‌డౌన్ పరిమితిని లెక్కకట్టి, అమర్చి, బోర్డును నిజంగా వేడెక్కించకుండానే పరీక్షించగలుగుతారు.

ఉదాహరణగా రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డును తీసుకున్నాం. మన విద్యార్థుల ప్రాజెక్టుల్లో కనిపించే బోర్డే కనుక మీకు కొత్త కాదు. ఫైళ్లు, ఫోల్డర్లు, ఆదేశాల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాం. టైపు చేసేటప్పుడు వాటిని ఆంగ్ల చిన్న అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయాలి. ‘అండర్‌స్కోర్’ అని ఉన్నచోట ఆ గుర్తును వాడాలి.

6.1 పరిచయం

మీ ప్రాజెక్టు కోసం ఊళ్లో బోరు మోటారు షెడ్డులో ఒక రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు పెట్టారనుకోండి. దానికి ఒక చిన్న కెమెరా ఉంది. 5 నిమిషాలకు ఒకసారి నీటి మీటరును ఫొటో తీసి, అందులోని అంకెలను గుర్తించి, ఫైల్‌లో నమోదు చేస్తుంది. ఏ గంటలో ఎంత నీరు తోడుతున్నారో తెలుసుకోవడం మీ ఉద్దేశం. దుమ్ము పడకుండా, బల్లులు దూరకుండా బోర్డును రేకు పెట్టెలో పెట్టి బిగించారు. జనవరిలో బాగానే నడిచింది. మీరు పట్నంలో ఉన్నారు. మే నెల వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం రెండు దాటాక రికార్డు ఆగిపోయింది. మీరు ఫోన్ చేస్తే నాన్నగారు సాయంత్రం వెళ్లి ప్లగ్గు తీసి మళ్లీ పెట్టారు. బోర్డు లేచింది. మరునాడు మధ్యాహ్నం మళ్లీ అదే పరిస్థితి.

ఇక్కడ పోయింది కొన్ని గంటల లెక్కే కదా అనిపించవచ్చు. కాని పోయినవి ఏవో కొన్ని గంటలు కావు. ప్రతిరోజూ బాగా ఎండగా ఉన్న గంటలే పోయాయి. మిగిలిన అంకెలతో సగటు తీస్తే అది ఉదయం, సాయంత్రం, రాత్రి వేళల సగటు అవుతుంది గాని రోజు సగటు కాదు. ఆ సంగతి రాయకుండా మీ నివేదికలో పట్టిక ఇస్తే, పట్టిక చక్కగా కనిపిస్తుంది, ముగింపు మాత్రం తప్పుతుంది. షట్‌డౌన్ పరిమితి అనేది యంత్రాన్ని కాపాడే అంకె మాత్రమే కాదని, మీ సమాచారంలో ఏ భాగం మిగులుతుందో కూడా అదే నిర్ణయిస్తుందని ఈ పాఠం పొడవునా గుర్తుంచుకోండి.

6.2 చిప్ ఎంత వేడెక్కుతుంది?

ప్రాసెసర్ చిప్‌లోకి వెళ్లిన విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడి చిప్ నుంచి బోర్డుకు, బోర్డు నుంచి గాలికి పోవాలి. అడుగున చిల్లు ఉన్న తొట్టిలోకి కొళాయి విప్పారనుకోండి. నీటిమట్టం మొదట పెరుగుతుంది. మట్టం పెరిగేకొద్దీ చిల్లు గుండా పోయే నీరూ పెరుగుతుంది. వచ్చేదీ పోయేదీ సమానమైనచోట మట్టం నిలుస్తుంది. చిప్ ఉష్ణోగ్రత కూడా ఇలాగే ఒకచోట నిలుస్తుంది. కొళాయి అంటే చిప్ చేసే పని. చిల్లు అంటే హీట్ సింక్, ఫ్యాన్, పెట్టెకున్న గాలి రంధ్రాలు.

ఈ పోలికలో ముఖ్యమైన విషయం ఒకటుంది. నిలిచేది చిప్ ఉష్ణోగ్రత కాదు, చిప్‌కూ చుట్టూ ఉన్న గాలికీ మధ్య తేడా. అదే పని, అదే హీట్ సింక్ అయితే ఆ తేడా ఇంచుమించు మారదు. 28 డిగ్రీల గదిలో చిప్ 64 డిగ్రీల దగ్గర నిలిచిందనుకుందాం. తేడా 36. అదే బోర్డు చుట్టూ గాలి 40 డిగ్రీలయితే చిప్ 76 దగ్గర నిలుస్తుంది. పెట్టెలో గాలి 52 అయితే 88. నిజానికి ఇంకా కొంచెం పైనే ఉంటుంది. సిలికాన్ వేడెక్కేకొద్దీ అందులో వృథాగా కారే కరెంటు పెరుగుతుంది, అది మళ్లీ వేడినే పెంచుతుంది.

గమనించండి: 52 అనేది ఊరి ఉష్ణోగ్రత కాదు, పెట్టెలోపలి గాలి ఉష్ణోగ్రత. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 దాటిందని వార్తల్లో విన్నప్పుడు, అది నీడలో, గాలి ఆడేచోట కొలిచినది. రేకుల షెడ్డులో, మూసిన రేకు పెట్టెలో గాలి అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు చుట్టూ గాలి 0 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండాలని తయారీదారు పత్రం చెబుతుంది. రోహిణి కార్తెలో మన షెడ్డు ఆ హద్దును దాటడానికి పెద్దగా కష్టపడనక్కరలేదు.

6.3 ముగ్గురు కాపలాదారులు

‘పరిమితి 85 కదా, అది రాగానే బోర్డు ఆగిపోతుంది’ అని విద్యార్థులు తరచుగా రాస్తారు. ఇది సరికాదు. వేడికి స్పందించే ఏర్పాట్లు ఒకదానిపై ఒకటి మూడు ఉంటాయి.

మొదటిది చిప్‌లోని ఫర్మ్‌వేర్. ఇది లైనక్స్‌తో సంబంధం లేకుండా, చిప్‌లోని సెన్సర్‌ను తానే చూసుకుంటూ ఉంటుంది. 80 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ కోర్‌ల వేగాన్ని తగ్గించడం మొదలుపెడుతుంది. 85 దాటితే కోర్‌లతోపాటు గ్రాఫిక్స్ భాగం వేగాన్ని కూడా తగ్గిస్తుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. తొట్టి పోలికలో ఇది కొళాయిని కొంచెం కట్టివేయడం. కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్‌లో ‘టెంప్ అండర్‌స్కోర్ లిమిట్’ అనే వరుస ద్వారా 85ను తగ్గించుకోవచ్చు. పెంచడం కుదరదు, 90 అని రాసినా ఫర్మ్‌వేర్ దాన్ని 85గానే తీసుకుంటుంది. 2023 నాటి బుక్‌వార్మ్ విడుదల నుంచి ఈ ఫైల్ బూట్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఉంటుంది. పాత పుస్తకాలు చూసి నేరుగా బూట్ ఫోల్డర్‌లో మార్పు చేసి, ఏమీ జరగలేదని తికమకపడే వారున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ వరుసలో ఏ అంకె రాసినా బోర్డు షట్‌డౌన్ కాదు. వేగం తగ్గుతుంది, అంతే.

రెండవది లైనక్స్ కెర్నల్. సిస్ ఫోల్డర్‌లో క్లాస్, అందులో థర్మల్, అందులో ‘థర్మల్ అండర్‌స్కోర్ జోన్0’ అనే ఫోల్డర్‌ను తెరిచి చూడండి. ‘టెంప్’ అనే ఫైల్‌లో ఇప్పటి ఉష్ణోగ్రత ఉంటుంది. ‘ట్రిప్ అండర్‌స్కోర్ పాయింట్’ అని మొదలయ్యే ఫైళ్లలో కెర్నల్‌కు తెలిసిన పరిమితులు, వాటి రకాలు ఉంటాయి. రకాలు నాలుగు. ‘యాక్టివ్’ అంటే ఫ్యాన్ వంటిది తిప్పవలసిన స్థాయి. ‘పాసివ్’ అంటే వేగం తగ్గించవలసిన స్థాయి. ‘హాట్’ అంటే హెచ్చరిక. ‘క్రిటికల్’ అంటే యంత్రాన్ని ఆపివేయవలసిన స్థాయి. అసలైన షట్‌డౌన్ ఈ చివరి రకంలోనే ఉంది. క్రిటికల్ దాటగానే కెర్నల్ క్రమపద్ధతిలో ఆగిపోయే ప్రక్రియను మొదలుపెడుతుంది. మీ బోర్డులో ఆ అంకె ఎంతో మీరే తెరిచి చూడండి, కెర్నల్ కూర్పును బట్టి మారుతుంది. ఎలాగూ 85 కంటే పైనే ఉంటుంది.

ఆ అంకెను మార్చవచ్చా? కెర్నల్‌ను తయారుచేసేటప్పుడు అనుమతి ఇచ్చి ఉంటేనే ఆ ఫైల్‌లో రాయగలం. రాసినా అది జ్ఞాపకశక్తిలో మాత్రమే ఉండి, బోర్డు మళ్లీ మొదలైనప్పుడు పాత అంకెకు పోతుంది. మా సలహా ఏమిటంటే దాని జోలికి పోవద్దు. అది ఇంటికి వేసిన మెయిన్ ఫ్యూజు వంటిది. దానికంటే ముందు పనిచేసే స్విచ్‌ను మనం వేరుగా పెట్టుకుందాం.

ఆ స్విచ్చే మూడవ కాపలాదారు, అంటే మనం రాసుకునే చిన్న ప్రోగ్రాం.

6.4 పరిమితిని ఎంచుకోవడం

మొదట తేడాను కొలవండి. బోర్డును అది నిజంగా చేసే పనితోనే, అది నిజంగా ఉండే పెట్టెలోనే కనీసం ఒక గంట నడపండి. పెట్టెలో గాలిని ఒక థర్మామీటరుతో, చిప్‌ను ‘టెంప్’ ఫైల్‌తో చూసి తేడా రాసుకోండి. పైన మనం 36 అనుకున్నాం. మీది ఎంతైనా కావచ్చు. తరువాత మీ పెట్టెలో గాలి మే నెలలో గరిష్ఠంగా ఎంతకు చేరుతుందో ఒక ఎండరోజు మధ్యాహ్నం థర్మామీటరు పెట్టి చూడండి. రెండూ కూడితే మీ చిప్ చేరబోయే ఉష్ణోగ్రత వస్తుంది.

ఆ మొత్తం 80లోపు ఉంటే మీకు షట్‌డౌన్ పరిమితి దాదాపు అవసరం రాదు. అయినా ఫ్యాన్ ఆగినా, గాలి రంధ్రాలకు గూడు కట్టినా పనికొస్తుందని పెట్టుకోవాలి. 80కి, 85కి మధ్య ఉంటే ఫర్మ్‌వేర్ నెట్టుకొస్తుంది. పని నెమ్మదిస్తుంది, ఆగదు. 85 దాటుతుందని లెక్క చెబితే పరిమితి సవరించడం మందు కాదు. ముందు పెట్టెను సవరించాలి. నీడ, తెల్లరంగు, కిందా పైనా రంధ్రాలు, చిప్‌పై హీట్ సింక్: ఇవి ఏ ప్రోగ్రాం కంటే మెరుగ్గా పనిచేస్తాయి.

ఇక అంకె. రాస్ప్‌బెర్రీ పై 4కు మేము సూచించేది 87 డిగ్రీలు. కారణం వినండి. 80 నుంచి 85 వరకు ఫర్మ్‌వేర్ తన ప్రయత్నం తాను చేస్తుంది. ఆ మధ్యలో మనం షట్‌డౌన్ పెడితే, నెమ్మదిగానైనా నడవగల బోర్డును ఊరికే ఆపినట్టవుతుంది. వేగం తగ్గించిన తరువాత కూడా 85 దాటి నిలిచిందంటే, వేడి చిప్ చేసే పని వల్ల కాక బయటి నుంచి వస్తోందని అర్థం. ఇక వేగం తగ్గించి ప్రయోజనం లేదు. చిప్ కంటే ముందు పక్కనున్న మెమరీ కార్డు గురించి ఆలోచించాలి. దాని ఉష్ణోగ్రతను చూసే సెన్సర్ ఏదీ లేదు. సాధారణ ఎస్‌డీ కార్డులకు పని చేసే హద్దు 85 డిగ్రీలు. కార్డు చిప్ అంత వేడిగా ఉండదు, నిజమే. కాని వేడి పెట్టెలో గంటల తరబడి ఉంటే దాని ఆయుష్షు తగ్గుతుంది.

షట్‌డౌన్‌కు ముందు ఇంకొక మెట్టు పెట్టుకోవడం తెలివైన పని. 80 చేరగానే మీ ప్రోగ్రామే పని తగ్గించుకోవాలి. మన ఉదాహరణలో 5 నిమిషాలకు ఒక ఫొటోకు బదులు 15 నిమిషాలకు ఒకటి. నీటి మీటరు అంకె ఎప్పుడూ ముందుకే పోతుంది కనుక మధ్యలో రెండు ఫొటోలు పోయినా మొత్తం వాడకం లెక్క తప్పదు. గంటల వారీ వివరం కొంచెం మోటుగా వస్తుంది, అంతే. మధ్యాహ్నమంతా పోవడం కంటే ఇది ఎంతో నయం.

6.5 అమర్చే విధానం

ప్రోగ్రాం ఏ భాషలో రాసినా దాని నడక ఇది. 10 సెకన్లకు ఒకసారి ‘టెంప్’ ఫైల్‌ను చదవాలి. విలువ 87 డిగ్రీలు దాటితే లెక్కింపును 1 పెంచాలి. 84 కంటే తగ్గితే లెక్కింపును సున్నా చేయాలి. 84కూ 87కూ మధ్య ఉంటే లెక్కింపును కదపకూడదు. లెక్కింపు 3కు చేరితే, అప్పటి ఉష్ణోగ్రతను, సమయాన్ని లాగ్ ఫైల్‌లో రాసి, ‘సింక్’ ఆదేశంతో ఆ రాత కార్డు మీదికి చేరేలా చేసి, ఆ తరువాత ‘సిస్టమ్‌సీటీఎల్ పవర్‌ఆఫ్’ ఆదేశం (రెండు మాటల మధ్య ఒక ఖాళీతో) ఇవ్వాలి.

మూడుసార్లు ఎందుకు? ఒక్క క్షణం పైకి ఎగిరిన అంకెకు బోర్డును ఆపకూడదు. 84, 87 అని రెండు అంకెలు ఎందుకు? ఒకే అంకె దగ్గర దాటడం, తగ్గడం, దాటడం అన్న ఊగిసలాటను ఆపడానికి. దీన్ని హిస్టరీసిస్ అంటారు. రాస్ప్‌బెర్రీ పై 5కు వచ్చే ఫ్యాన్‌లోనూ ఇదే సూత్రం ఉంది. అది 50, 60, 67.5, 75 డిగ్రీల దగ్గర ఒక్కో మెట్టు వేగం పెంచుకుంటుంది, దిగేటప్పుడు మాత్రం 5 డిగ్రీలు తగ్గితేనే మెట్టు దిగుతుంది. లేకపోతే 60 దగ్గర ఫ్యాన్ క్షణక్షణం గొంతు మారుస్తూ మనల్ని విసిగిస్తుంది.

‘సింక్’ను వదిలేయవద్దు. లైనక్స్ రాసినట్టు చూపే సమాచారం కొంతసేపు జ్ఞాపకశక్తిలోనే ఉంటుంది. క్రమపద్ధతిలో ఆగితే షట్‌డౌన్ ప్రక్రియే దాన్ని కార్డుకు చేరుస్తుంది. కాని ఆ ప్రక్రియ నడుస్తుండగానే కరెంటు పోతే? పల్లెలో ఈ ప్రశ్న ఊహ కాదు.

ఈ ప్రోగ్రాంను సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టండి. బోర్డు మొదలైనప్పుడల్లా దానంతటదే నడవాలి, ఏదైనా కారణంతో పడిపోతే మళ్లీ లేవాలి. కాపలాదారే నిద్రపోతే కాపలా ఉన్నట్టు కాదు. సర్వీసు మొదలైన తరువాత మొదటి 5 నిమిషాలు ఏమీ తనిఖీ చేయకుండా ఆగేలా రాయండి. దీని విలువ వచ్చే విభాగంలో తెలుస్తుంది.

6.6 ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటిలోకి పెద్దది కొలమానం పొరపాటు. కాన్ఫిగ్ ఫైల్‌లోని ‘టెంప్ అండర్‌స్కోర్ లిమిట్’ డిగ్రీలలో ఉంటుంది. కెర్నల్ ఫైళ్లు మాత్రం మిల్లీ డిగ్రీలలో ఉంటాయి, అంటే డిగ్రీలో వెయ్యో వంతు. ‘టెంప్’ ఫైల్‌లో 64270 అని కనిపిస్తే అది 64.27 డిగ్రీలు. మీ ప్రోగ్రాంలో పరిమితిని 87000 అని రాయాలి. పొరపాటున 87 అని రాశారనుకోండి. కెర్నల్ లెక్కలో అది 0.087 డిగ్రీలు, ఇంచుమించు మంచుగడ్డ చల్లదనం. మన దేశంలో ఏ షెడ్డులో పెట్టినా చిప్ దానికంటే వేడిగానే ఉంటుంది. కాబట్టి బోర్డు లేవగానే ఆగిపోతుంది. మళ్లీ ప్లగ్గు పెడితే మళ్లీ ఆగిపోతుంది. తప్పు దిద్దడానికి లాగిన్ అయ్యేంత సమయం కూడా దొరకదు. అప్పుడు ఆ 5 నిమిషాల గడువే మిమ్మల్ని ఆదుకుంటుంది: ఆ వ్యవధిలో లోపలికి వెళ్లి సర్వీసును ఆపవచ్చు. గడువు పెట్టుకోకపోతే కార్డును బయటికి తీసి వేరొక లైనక్స్ కంప్యూటర్‌లో పెట్టి సరిచేయవలసి వస్తుంది. కార్డు ఊళ్లో, మీరు పట్నంలో ఉంటే బస్సు ఎక్కక తప్పదు.

రెండవ పొరపాటు కనిపించకుండా దాక్కుంటుంది. ఫైల్ నుంచి చదివినది అక్షరాల రూపంలో వస్తుంది. దాన్ని సంఖ్యగా మార్చకుండా పోల్చితే కంప్యూటర్ నిఘంటువులో మాటలను పేర్చినట్టు మొదటి అక్షరం నుంచి పోల్చుతుంది. 64270ను 87000తో పోల్చితే 6 కంటే 8 పెద్దది, జవాబు సరిగానే వస్తుంది. 88500తో పోల్చినా సరిగానే వస్తుంది. కాని ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరి 100000 అని వస్తే, 1 కంటే 8 పెద్దది కనుక ఇంకా పరిమితి దాటలేదని అనుకుంటుంది. ఇన్నాళ్లూ బాగా పనిచేసిన ప్రోగ్రాం సరిగ్గా ప్రమాదం వేళకే విఫలమవుతుంది. చదివిన విలువను ముందు పూర్ణసంఖ్యగా మార్చడం తప్పనిసరి.

మూడవది వేరే సెన్సర్‌తో వచ్చేది. పెట్టెలో గాలిని చూడటానికి చాలామంది డీఎస్18బీ20 అనే చౌక సెన్సర్‌ను కలుపుతారు. మంచి ఆలోచనే. 50 డిగ్రీల హద్దు గాలికి సంబంధించినది కాబట్టి చిప్ సెన్సర్ దాన్ని నేరుగా చెప్పలేదు. అయితే ఈ సెన్సర్‌కు ఒక అలవాటుంది. దానికి కరెంటు అందిన వెంటనే, ఇంకా కొలత తీసుకోకముందు చదివితే 85 డిగ్రీలు అని చెబుతుంది. వైరు వదులై సెన్సర్‌కు కరెంటు పోయి వస్తుంటే ఇదే అంకె కనిపించవచ్చు. అంటే చలికాలం రాత్రి కూడా మీ బోర్డు ‘అమ్మో, 85’ అని ఆగిపోగలదు. ఈ సెన్సర్ నుంచి ఖచ్చితంగా 85000 వస్తే దాన్ని కొలతగా లెక్కించకుండా, మళ్లీ చదవమని రాయండి.

6.7 వేడేనా, వోల్టేజా?

మొదట చెప్పిన షెడ్డు కథలో బోర్డు ఆగింది వేడి వల్లనే అని ఎలా తెలుసు? నిజానికి ఇంకా తెలియదు. నాసిరకం అడాప్టర్, సన్నటి పొడుగు కేబుల్ ఉన్నా ఇలాగే జరుగుతుంది. తేల్చడానికి ‘వీసీజెన్‌సీఎండీ గెట్ అండర్‌స్కోర్ థ్రాటిల్డ్’ అనే ఆదేశం ఉంది. ఆదేశం పేరుకూ ‘గెట్’కూ మధ్య మాత్రం ఒక ఖాళీ ఉండాలి. జవాబు హెక్సాడెసిమల్ సంఖ్యగా వస్తుంది. అంతా సున్నా అయితే ఏ ఇబ్బందీ లేదు. కుడివైపు చివరి అంకె ఇప్పటి స్థితిని, కుడి నుంచి ఐదవ అంకె బోర్డు మొదలైనప్పటి నుంచి ఎప్పుడైనా జరిగిందా అన్నదాన్ని చెబుతాయి. ఆ అంకెలో 1 ఉంటే వోల్టేజి తగ్గింది. 2 ఉంటే వేగానికి గరిష్ఠ హద్దు పడింది. 4 ఉంటే థ్రాట్లింగ్ జరిగింది. ఇవి కలిసి కూడా వస్తాయి: ఐదవ అంకె 6 అయితే 2, 4 రెండూ. 5 అయితే 1, 4 రెండూ. 1 కలిసి ఉన్నప్పుడు ముందు అడాప్టర్‌ను అనుమానించండి, హీట్ సింక్ కొనడానికి తొందరపడవద్దు.

ఒక చిక్కు ఉంది. ప్లగ్గు తీసి పెట్టగానే ఈ గుర్తులన్నీ చెరిగిపోతాయి. నాన్నగారు సాయంత్రం బోర్డును లేపడంతో సాక్ష్యం కూడా పోయింది. అందుకే గంటకోసారి ఉష్ణోగ్రతతోపాటు ఈ సంఖ్యను కూడా లాగ్‌లో రాయించండి. ఆగిన రోజు చివరి వరుసలో 86, 87 కనిపిస్తే వేడి. 60 దగ్గరే ఉండి 1 కనిపిస్తే కరెంటు. ఇంకొక సంగతి, రాస్ప్‌బెర్రీ పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ అందేవరకు అది తప్పు సమయం చూపవచ్చు. లేచిన వెంటనే రాసిన వరుసల్లో సమయాన్ని నమ్మి లెక్కలు వేయకండి.

6.8 పరీక్షించడం

పరీక్ష కోసం బోర్డును ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్‌తో కాల్చడం వద్దు. వేడిని పరిమితి వరకు పెంచే బదులు పరిమితినే వేడి దగ్గరకు దించండి. చిప్ ఇప్పుడు 58 డిగ్రీల దగ్గర ఉంటే పరిమితిని తాత్కాలికంగా 60000, కింది హద్దును 57000 చేయండి. షట్‌డౌన్ ఆదేశం స్థానంలో ‘ఇప్పుడు ఆగేవాణ్ణి’ అని లాగ్‌లో రాసే వరుస పెట్టండి. బోర్డుకు ఏదైనా బరువైన పని ఇచ్చి, మూడు కొలతల తరువాత ఆ వరుస పడిందా చూడండి. పడితే అసలు ఆదేశాన్ని పెట్టి, బోర్డు మీ బల్ల మీద ఉండగానే మరొకసారి నిజంగా ఆగనివ్వండి. ఆ తరువాత 87000, 84000 తిరిగి రాసి, రాసినవాటిని ఫైల్ తెరిచి కళ్లతో చూసి, అప్పుడే పెట్టె మూయండి. పరీక్ష అంకెలను మార్చడం మరిచి షెడ్డుకు పంపిన బోర్డు మార్చిలోనే ఆగిపోతుంది.

6.9 ఆగిన తరువాత ఎవరు లేపుతారు?

రాస్ప్‌బెర్రీ పై 4 ఒకసారి షట్‌డౌన్ అయితే చల్లబడినా దానంతటది లేవదు. ప్లగ్గు తీసి పెట్టాలి. లేదా జీపీఐఓ 3 అనే పిన్నును గ్రౌండ్‌కు తాకించే చిన్న బటన్ ఒకటి పెట్టెకు బయట అమర్చాలి. షెడ్డులోని వారికి ‘ఈ బటన్ ఒకసారి నొక్కండి నాన్నా’ అని చెప్పడం తేలిక, మోటారు స్టార్టరు పక్కన ప్లగ్గులు వెతకమనడం కంటే క్షేమం కూడా. రాస్ప్‌బెర్రీ పై 5లో గడియారం ఉంది, దానికి చిన్న బ్యాటరీ తగిలిస్తే, ఆగేముందు ‘సాయంత్రం ఆరింటికి లే’ అని చెప్పి ఆగవచ్చు. కొత్తగా బోర్డు కొనేవారు ఈ ఒక్క సౌకర్యం కోసమైనా దాన్ని పరిశీలించవచ్చు.

ఏ బోర్డయినా ఆగిన గంటలను మీ నివేదికలో ఖాళీగానే చూపండి. సగటుతోనో, పక్క విలువతోనో పూడ్చకండి. ‘ఫలానా తేదీన మధ్యాహ్నం 2.10 నుంచి 6.30 వరకు వేడి కారణంగా కొలతలు లేవు’ అన్న వాక్యాన్ని మీ లాగ్ ఫైల్ చివరి వరుస నుంచే రాయగలుగుతారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కాన్ఫిగ్ ఫైల్‌లో ‘టెంప్ అండర్‌స్కోర్ లిమిట్’ను 70గా మార్చిన విద్యార్థి, 72 డిగ్రీల దగ్గర బోర్డు ఎందుకు ఆగలేదని అడిగాడు. అతనికి జవాబు రాయండి.

2. 30 డిగ్రీల గదిలో ఒక బోర్డు చిప్ 61 డిగ్రీల దగ్గర నిలిచింది. పెట్టెలో గాలి 51 డిగ్రీలు అయినప్పుడు చిప్ ఎంత ఉండవచ్చు? అప్పుడు ఫర్మ్‌వేర్ ఏం చేస్తుంది? తయారీదారు చెప్పిన హద్దులో బోర్డు ఉన్నట్టేనా?

3. ఒక ప్రోగ్రాం 99 డిగ్రీల వరకు సరిగా పనిచేసి, 100 దాటగానే ఊరుకుంది. పొరపాటు ఎక్కడ ఉండవచ్చు?

4. మీ ఇంట్లో లేదా అధ్యయన కేంద్రంలో ఉన్న ఒక బోర్డును వారం రోజులు గమనించి, గంటకోసారి చిప్ ఉష్ణోగ్రతను, పక్కన గాలి ఉష్ణోగ్రతను రాసుకోండి. రెంటి మధ్య తేడా పగలూ రాత్రీ ఒకేలా ఉందా? లేకపోతే ఆ సమయంలో బోర్డు ఏ పని చేస్తోందో చూసి కారణం రాయండి.